బేబ్ రూత్ గొప్పా, ఒహ్తానీ గొప్పా? బావతో పందెం తెగట్లేదు

గుణుపురం కుర్రోడు:

అందరికీ నమస్తే. ఇక్కడ క్రికెట్ కాకుండా ఇంకో ఆట గురించి అడిగితే ఎవరైనా పలుకుతారో లేదో తెలీదు గానీ అడిగేస్తున్నాను. మా అక్కాబావా న్యూజెర్సీలో ఉంటారు. బావకి అక్కడికి వెళ్లిన కొత్తలోనే న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు పిచ్చి పట్టుకుంది, ఫోన్ చేస్తే పిల్లల కబుర్ల కంటే ముందు బేస్‌బాల్ కబుర్లే. ఆయన పుణ్యమా అని నాకూ అంటుకుంది. అక్కడ రాత్రి మ్యాచ్‌లంటే మనకి పొద్దున్నే కదా, అయిదున్నరకో ఏడున్నరకో మొదలవుతాయి, షాపు తెరిచేలోపు సగం అయిపోతుంది, మిగతా సగం గల్లాపెట్టె పక్కన ఫోన్ ఆనించి చూస్తాను. మా వీధిలో ఈ ఆట చూసేది నేనొక్కడినే. మా నాన్నగారు రెండు రోజులు చూసి ఇది పెద్ద బిళ్లంగోడు అని తేల్చేశారు.

గొడవ ఏంటంటే, బావ లెక్కలో పాతకాలం యాంకీస్ ఆటగాడు బేబ్ రూత్‌ని మించినవాడు పుట్టలేదు, ఇక పుట్టడు కూడా. నేనేమో ఇప్పటి జపాన్ ఆటగాడు షోహే ఒహ్తానీ అంటాను. ఒకే మనిషి బంతి వేసి ఎదుటి జట్టుని కట్టేసి, అదే రోజు బ్యాట్ పట్టుకుని హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టడం ఈ రోజుల్లో ఇంకెవరి వల్లా కావట్లేదు. 2021లో ఏంజెల్స్ జట్టుకి ఆడుతూ 46 హోమ్‌రన్లు కొట్టాడు, పిచ్చర్‌గా (మన బౌలర్ అన్నమాట) 9 మ్యాచ్‌లు గెలిచాడు. 2024లో మోచేతి ఆపరేషన్ వల్ల ఆ ఏడంతా బంతి వేయడానికి లేదు, సరే అని డాడ్జర్స్ జట్టుకి 54 హోమ్‌రన్లు కొట్టి 59 బేస్‌లు దొంగిలించాడు (పిచ్చర్ బంతి వేసేలోపు పరిగెత్తి తర్వాతి బేస్ చేరిపోవడం). ఒకే సీజన్‌లో రెండూ 50 చేరినవాడు అంతకుముందు ఎవ్వడూ లేడు. ఇక 2025 అక్టోబరు 17న (మనకి 18 పొద్దున్న, దీపావళికి రెండు రోజుల ముందు) మిల్వాకీ బ్రూవర్స్ మీద ఆడింది చూశాక నాకు ఇంక అనుమానమే లేదు. ఆరు ఇన్నింగ్స్ పైన బంతి వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు, 10 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, తను మూడు హోమ్‌రన్లు కొట్టాడు, అందులో ఒకటి స్టాండ్ పైకప్పు మీదుగా పోయింది. ఆ మ్యాచ్‌తోనే జట్టు వరల్డ్ సిరీస్‌కి, అంటే సీజన్ ఆఖరి ఫైనల్ పోరుకి వెళ్లింది.

ఇదంతా చెబితే బావ నవ్వి, రూత్ ఇదే పని వందేళ్ల కిందట చేశాడు, అప్పటికి మీ తాత కూడా పుట్టలేదు అని ఫోన్ పెట్టేశాడు. సంక్రాంతికి వస్తున్నారు. పందెం రెండు కిలోల పలాస జీడిపప్పు. రూత్ నిజంగా రెండు పనులూ కలిపి ఎన్నేళ్లు చేశాడో, అప్పటి ఆట ఎలా ఉండేదో తెలిసినవాళ్లు చెప్పండి. వట్టి అంకెలైతే బావ దగ్గర బోలెడు ఉన్నాయి, నాకు ఆయన నోరు మూయించే వాదన కావాలి.

బరంపురం బాబాయ్:

అబ్బాయ్, నేను మీ బావ పక్షమే, ముందే చెప్పేస్తున్నా.

నువ్వు ఒహ్తానీ 54 హోమ్‌రన్లు అన్నావు కదా, రూత్ కూడా 1920లో సరిగ్గా 54 కొట్టాడు. తేడా ఎక్కడో చూడు. 2024లో ఒహ్తానీ 54 కొడితే అదే ఏడు అటు అమెరికన్ లీగ్‌లో (పెద్ద లీగ్‌లో ఉన్న రెండు లీగ్‌లలో ఒకటి) ఆరన్ జడ్జ్ 58 కొట్టాడు. 1920లో రూత్ 54 కొట్టిన ఏడు రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్‌కి 19. అవును, పంతొమ్మిదే. ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో యాంకీస్ కాక మిగిలిన ఏడు జట్లలో ఏ జట్టూ, మొత్తం జట్టు కలిసి కూడా, 54 కొట్టలేకపోయింది. అంతకుముందు ఏడు బోస్టన్‌లో ఉండగా 29 కొట్టి 1884 నాటి 27 రికార్డు దాటితేనే జనం నోరెళ్లబెట్టారు, మరుసటి ఏడు దాన్ని దాదాపు రెండింతలు చేశాడు, 1921లో 59, 1927లో 60.

ఆ రోజుల్లో హోమ్‌రన్ అంటే ఎవడూ పనిగా ప్రయత్నించేది కాదు. ఒకే బంతిని నల్లగా మెత్తగా అయ్యేదాకా వాడేవాళ్లు, దాని మీద ఉమ్మేవాళ్లు, అది అప్పట్లో రూల్ ప్రకారమే. చిన్నగా తట్టి బేస్ చేరడం, ఇంకోడు తడితే ఇంకో బేస్, అలా ఒక్కో పరుగు కూడబెట్టుకునే ఆట. రూత్ వచ్చి ఆ ఆట తీరే మార్చేశాడు. 1920లో కొత్త పిచ్చర్లకి ఉమ్మి బంతి నిషేధించారు, అదే ఆగస్టులో రే చాప్‌మన్ తలకి బంతి తగిలి చనిపోయాక మాసిన బంతుల్ని ఎప్పటికప్పుడు మార్చడం మొదలెట్టారు. దానివల్ల బ్యాటర్లకి మేలు జరిగింది, ఒప్పుకుంటా. కానీ ఆ మేలు అందరికీ జరిగిందిగా, మరి మిగతావాళ్లు 19 దగ్గరే ఎందుకు ఆగారు?

పిచ్చర్‌గా కూడా ఏదో చేతివాటం కాదు. 1916లో 23 మ్యాచ్‌లు గెలిచాడు, ఈఆర్‌ఏ 1.75, లీగ్ మొత్తంలో అదే తక్కువ (క్రికెట్ వాళ్ల కోసం: తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క, తక్కువైతే మంచిది). ఆ ఏడు వరల్డ్ సిరీస్‌లో ఒక మ్యాచ్ 14 ఇన్నింగ్స్ వెళ్తే మొత్తం 14 ఒక్కడే వేసి గెలిపించాడు. వరల్డ్ సిరీస్‌లో వరసగా 29 ఇన్నింగ్స్ పైన పరుగు ఇవ్వని రికార్డు 1961 దాకా ఆయన పేరు మీదే ఉంది.

మనవాళ్లకి అర్థం కావాలంటే బ్రాడ్‌మన్ ఒక్కడే సాటి. 99.94 పక్కన ఇంకో పేరు రాయగలమా? 1932లో బ్రాడ్‌మన్ అమెరికా వెళ్లినప్పుడు యాంకీ స్టేడియంలో ఇద్దరూ కలిసి కూర్చుని ఆట చూశారు, ఫొటో కూడా ఉంది, వెతికి మీ బావకి పంపు, సంతోషిస్తాడు.

జయపురం నుంచి:

బాబాయ్ గారూ నమస్కారం. బ్రాడ్‌మన్ పోలిక బాగుంది గానీ అసలు ప్రశ్న మీద నుంచి జారిపోయారు. రెండూ కలిపి ఎన్నేళ్లు చేశాడు అని కదా అడిగింది తమ్ముడు. జవాబు: గట్టిగా రెండేళ్లు. 1918, 1919.

మీరు చెప్పిన 1916లో రూత్ 23 మ్యాచ్‌లు గెలిచాడు, బాగుంది, మరి బ్యాట్‌తో కొట్టిన హోమ్‌రన్లు ఎన్ని? మూడు. 1920లో 54 కొట్టాడు, మరి ఎన్ని మ్యాచ్‌లకి బంతి వేశాడు? ఒక్కటి. యాంకీస్‌లో ఆడిన 15 సీజన్లలో కలిపి అయిదంటే అయిదు మ్యాచ్‌లు వేశాడు (అయిదూ గెలిచాడు, అది వేరే సంగతి). అంటే మీరు చూపిస్తున్నది ఇద్దరు రూత్‌లని. బోస్టన్ పిచ్చర్ ఒకడు, న్యూయార్క్ బ్యాటర్ ఒకడు, ఇద్దర్నీ ఒక మనిషిగా కుట్టి ఒహ్తానీ ముందు నిలబెడుతున్నారు. మధ్యలో ఆ రెండేళ్లే నిజమైన పోలిక. 1918లో 13 గెలుపులు, 11 హోమ్‌రన్లు, 1919లో 9 గెలుపులు, 29 హోమ్‌రన్లు.

ఇప్పుడు ఒహ్తానీది చూడండి. 2021 తమ్ముడు చెప్పాడు. 2022లో 34 హోమ్‌రన్లు, 15 గెలుపులు, ఈఆర్‌ఏ 2.33, 219 స్ట్రైకౌట్లు. 2023లో 44 హోమ్‌రన్లు, 10 గెలుపులు. వరసగా మూడేళ్లు. 2022లో ఇంకో విశేషం ఉంది, ర్యాంకుల పట్టికలో పేరు రావాలంటే బ్యాటర్‌కి ఇన్నిసార్లు బ్యాటింగ్, పిచ్చర్‌కి ఇన్ని ఇన్నింగ్స్ అని కనీస లెక్క ఉంటుంది కదా, ఆ రెండు లెక్కలూ ఒకే సీజన్‌లో దాటినవాడు ఆధునిక బేస్‌బాల్‌లో అతనే మొదటివాడు. రూత్ ఎప్పుడూ దాటలేదు.

ఎదురుగా ఉన్నవాళ్లెవరో కూడా చూడాలి. రూత్ రోజుల్లో మొత్తం 16 జట్లు, సెయింట్ లూయిస్‌కి పడమట ఒక్కటీ లేదు, మ్యాచ్‌లన్నీ పగటి వెలుతురులో (లైట్ల కింద పెద్ద లీగ్ మ్యాచ్ మొదలైందే 1935లో). మొదట వేసిన పిచ్చరే అలిసిపోయినా చివరిదాకా వేసేవాడు, నాలుగోసారి అతన్ని ఎదుర్కొనేసరికి రూత్‌కి ఆ చెయ్యి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు ఆరో ఇన్నింగ్స్ తర్వాత ప్రతి ఇన్నింగ్స్‌కీ కొత్త చెయ్యి, చాలామంది గంటకి 150 కిలోమీటర్ల పైమాటే. 19 దగ్గర ఆగిపోయారు అన్నారే, మిగతావాళ్లు అప్పటికింకా పాత పద్ధతిలోనే తడుతున్నారు కాబట్టి ఆగారు. పదేళ్లు తిరిగేసరికి హ్యాక్ విల్సన్ 1930లో 56 కొట్టాడు, జిమ్మీ ఫాక్స్ 1932లో 58 కొట్టాడు. దారి చూపించినందుకు రూత్‌కి దండం పెడతా, కానీ ఆ అంతరం మొత్తం ప్రతిభ అంటే ఒప్పుకోను.

బరంపురం బాబాయ్:

జయపురం బాబూ, ఇంజినీరువా ఏంటి, లెక్క బాగా విప్పావు. సరే రెండేళ్లే. కానీ ఆ రెండేళ్లు రూత్ ఏం చేశాడో, ఒహ్తానీ ఏం చేయట్లేదో కూడా చెప్పాలి కదా. ఒహ్తానీ ఫీల్డింగ్ చేయడు!

డీహెచ్ అని ఒకడుంటాడు, ఫీల్డింగ్ చేయకుండా పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రం చేసేవాడు. అమెరికన్ లీగ్‌లో అది వచ్చింది 1973లో, రెండు లీగ్‌ల్లోనూ శాశ్వతంగా వచ్చింది 2022లో. ఆ 2022లోనే ఇంకో రూల్ పెట్టారు, మొదట బంతి వేసినవాడు తన డీహెచ్ తనే అయితే, బంతి వేయడం ఆపేసి పక్కకి వచ్చాక కూడా బ్యాటింగ్ చేస్తూ ఉండొచ్చు. దాన్ని జనం ఒహ్తానీ రూల్ అనే అంటారు. ఒక మనిషి కోసం పుస్తకంలో రూల్ రాశారన్నమాట. రూత్‌కి ఎవడు రాశాడు? బంతి వేయని రోజు లెఫ్ట్ ఫీల్డ్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తి, మధ్యలో వచ్చి బ్యాటింగ్ చేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ బంతి వేయాలి, దూరం వెళ్లాలంటే రైలు. ఒహ్తానీ బ్యాటింగ్ అయ్యాక నీడలో కూర్చుని ట్యాబ్‌లో తన షాట్లు చూసుకుంటాడు. మనిషి గొప్పవాడే, కాదనట్లేదు, కానీ సగం ఆట ఆడడు.

జయపురం నుంచి:

అదే రూత్ 1918 జూలైలో రెండు పనులూ నా వల్ల కాదని మేనేజర్ ఎడ్ బారోతో గొడవపడి జట్టు వదిలి వెళ్లిపోయాడు బాబాయ్ గారూ, తర్వాత తిరిగొచ్చాడనుకోండి. ఎండ దెబ్బకే పిచ్చింగ్ మానేశాడని మీరే ఒప్పుకున్నట్టు కదా ఇది.

మహేంద్రతనయ:

మాది పర్లాకిమిడి. ఇద్దరు అన్నయ్యలూ రూల్ పుస్తకం తిరగేస్తున్నారు, నేను చూసింది చెబుతాను.

మొంథా తుపాను రోజు గుర్తుందా అందరికీ? అక్టోబరు 28. పిల్లల బడి సెలవు, బయట గాలీ వానా, ఇంట్లో అందరం ఇరుక్కుపోయాం. ఆ పొద్దున్న అయిదున్నరకి వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ మొదలైంది, డాడ్జర్స్, టొరంటో బ్లూ జేస్. మా తమ్ముడు పెట్టాడు, నేను వంటింట్లోంచి ఒక కన్నేసి చూస్తున్నా. తొమ్మిది ఇన్నింగ్స్‌కి అయిపోవాల్సింది 18 దాకా వెళ్లింది, మధ్యాహ్నం పన్నెండు దాటింది అయ్యేసరికి. ఒహ్తానీ ఆ ఒక్క మ్యాచ్‌లో తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. రెండు హోమ్‌రన్లు, రెండు డబుల్స్ (ఒక్క షాట్‌తో రెండో బేస్ చేరడం) కొట్టాడు, ఆ తర్వాత బ్లూ జేస్ వాళ్లు ఇక ఇతనికి బంతి వేయనే వద్దని నాలుగుసార్లు కావాలనే వాక్ ఇచ్చి పంపేశారు. బేస్‌ల మీద ఎవడూ లేకపోయినా సరే, ఊరికే బేస్ ఇచ్చేశారు! భయం అంటే అది. మర్నాడు అదే మనిషి వచ్చి బంతి వేశాడు. ఆ రోజు ఓడిపోయాడు, వ్లాదిమిర్ గెరెరో జూనియర్ హోమ్‌రన్ కొట్టాడు అతని మీద. ఏడో మ్యాచ్‌లో కూడా బో బిషెట్ చేతిలో మూడు పరుగుల హోమ్‌రన్ తిన్నాడు, జట్టు ఎలాగో 11 ఇన్నింగ్స్‌లో గట్టెక్కింది, దానికి డాడ్జర్స్ పిచ్చర్ యమమోతో కాళ్లు కడగాలి. అది మనకి నవంబరు 2 పొద్దున్న. అదే రోజు రాత్రి నవీ ముంబైలో మన అమ్మాయిలు వరల్డ్ కప్ కొట్టారు, దీప్తి శర్మ ఫైనల్లో 58 పరుగులు చేసి అయిదు వికెట్లు తీసింది. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, ఆ ఆదివారం నేను జన్మలో మర్చిపోను.

దీప్తి పేరు ఎందుకు ఎత్తానంటే, క్రికెట్‌లో ఆల్‌రౌండర్ అంటే మనకి వింత కాదు, ప్రతి జట్టులో ఒకరిద్దరు ఉంటారు. బేస్‌బాల్‌లో అలా కాదట, చిన్నప్పుడే నువ్వు పిచ్చర్‌వి, నువ్వు బ్యాటర్‌వి అని విడగొట్టేస్తారట. ఒహ్తానీ మోచేతికి 2018లో ఒక ఆపరేషన్, 2023లో ఇంకోటి. రెండోది అయ్యాక ఎవరైనా సలహా ఇస్తే ఏమంటారు, నాయనా, బ్యాటింగ్‌తోనే కోట్లు వస్తున్నాయి, చెయ్యి ఎందుకు పాడుచేసుకుంటావు అంటారు. అతను 2025 జూన్‌లో మళ్లీ బంతి పట్టుకున్నాడు. రూత్ బ్యాటింగ్ బాగుందని బంతి వదిలేశాడు, ఇతను వదల్లేదు. నా ఓటు అందుకే.

గుణుపురం కుర్రోడు:

అక్కా సూపర్. బావకి ఇది చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒకటే, ఉంగరాలెన్ని (వరల్డ్ సిరీస్ గెలిస్తే ఇచ్చేవి)? రూత్ ఏడు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, బోస్టన్‌తో మూడు, యాంకీస్‌తో నాలుగు. ఒహ్తానీవి రెండు, 2024, 2025. పైగా ఆ బెట్టింగ్ గొడవ కూడా ఎత్తాడు.

జయపురం నుంచి:

బెట్టింగ్ గొడవ ఒహ్తానీది కాదు తమ్ముడూ, దుబాసీగా ఉన్న ఇప్పే మిజుహారా అతని ఖాతాలోంచి దాదాపు 1.7 కోట్ల డాలర్లు కొట్టేసి పందాలు కాశాడు, కోర్టులో ఒప్పుకున్నాడు, 2025లో 57 నెలల జైలు పడింది. ఇందులో డబ్బు పోగొట్టుకున్నవాడు ఒహ్తానీ. ఈ ముక్క బావకి గట్టిగా చెప్పు.

ఉంగరాల సంగతికొస్తే, ఏంజెల్స్‌లో ఆడిన ఆరేళ్లలో జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. పక్కన మైక్ ట్రౌట్ లాంటి మేటి బ్యాటర్ ఉండి కూడా! మిగతావాళ్లు ఆడకపోతే ఒక్కడు ఏం చేస్తాడు. మంచి జట్టులోకి వెళ్లాక రెండేళ్లలో రెండు. ఇంకా ఆడుతున్నాడు, 1994లో పుట్టాడు.

పాత పీఈటీ, రాయగడ:

బడి పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైనవాణ్ని, కాస్త ఓపిగ్గా వినండి.

ఇందాకట్నుంచి ఎదుటివాళ్ల గురించి మాట్లాడుతూ రైళ్లూ లైట్లూ ఎండా అన్నీ లెక్కేశారు గానీ అసలు విషయం ఎవరూ ముట్టుకోలేదు. రూత్ ఆడినన్నాళ్లూ పెద్ద లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాణ్ని కూడా అడుగు పెట్టనివ్వలేదు. జాకీ రాబిన్‌సన్ వచ్చింది 1947 ఏప్రిల్ 15న, రూత్ రిటైరై అప్పటికి పన్నెండేళ్లు. మరుసటి ఏడే రూత్ చనిపోయాడు. అంటే 714 హోమ్‌రన్లూ దేశంలో ఉన్న ఆటగాళ్లలో ఒక భాగాన్ని గేటు బయట నిలబెట్టాక మిగిలినవాళ్ల మీద కొట్టినవి. బరంపురం సోదరా, రెండోవాడికి 19 అన్నారు, ఆ రెండోవాణ్ని ఎవరిలోంచి ఎంచారు?

బయట ఉన్నవాళ్లు తక్కువవాళ్లు కాదు. జోష్ గిబ్సన్ అని క్యాచర్ ఉండేవాడు. 2024 మేలో మేజర్ లీగ్ వాళ్లు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగ్‌ల లెక్కలన్నీ అధికారిక రికార్డుల్లో కలిపారు. కలిపాక చూస్తే టై కాబ్ పేరు మీదున్న బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్‌కి దిగినన్ని సార్లలో ఎన్ని హిట్లు అన్న లెక్క) రికార్డు గిబ్సన్‌కి వచ్చింది, 0.372. స్లగ్గింగ్‌లో (బ్యాటింగ్‌కి దిగినప్పుడల్లా సగటున ఎన్ని బేస్‌లు సంపాదించాడన్న లెక్క) రూత్‌ది 0.690, గిబ్సన్‌ది 0.718. ఆ మనిషి 1947 జనవరిలో చనిపోయాడు, రాబిన్‌సన్ మైదానంలోకి దిగడానికి మూడు నెలల ముందు. మ్యాచ్‌లు తక్కువ కాబట్టి ఆ సగటు లెక్కలోకి రాదని వాదించేవాళ్లు ఉన్నారు. మ్యాచ్‌లు తక్కువ ఎందుకయ్యాయో కూడా వాళ్లే చెప్పాలి.

ఇక రెండు పనులూ చేయడం. రూత్ తర్వాత వందేళ్లకి ఒహ్తానీయే అని టీవీలో ఊదరగొడతారు. అది తెల్లవాళ్ల లీగ్ వరకే నిజం. కాన్సాస్ సిటీ మోనార్క్స్‌లో బుల్లెట్ రోగన్ అని పొట్టి మనిషి, ఆ జట్టులో మేటి పిచ్చరూ అతనే, వేయని రోజు అవుట్‌ఫీల్డ్‌లో నిలబడి మేటి బ్యాటింగూ అతనే, అదీ రెండేళ్లు కాదు, 1920ల పొడుగునా. 1998లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అప్పటికి పోయి ముప్పై ఏళ్లు దాటింది. క్యూబా నుంచి మార్టిన్ దిహిగో వచ్చాడు, ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు. 1938లో మెక్సికో లీగ్‌లో 18 గెలిచి రెండే ఓడాడు, ఈఆర్‌ఏ 0.90, అదే సీజన్‌లో 0.387 సగటుతో బ్యాటింగ్‌లోనూ ప్రథముడు. ఈ పేర్లు మీ పందెంలో ఎందుకు లేవు?

రూత్‌ని తిట్టడానికి రాయలేదిది. ఆ గేటు మూసింది ఆయన కాదు, పైగా సీజన్ అయ్యాక ఊరూరా తిరిగి ఆడే మ్యాచ్‌ల్లో నల్లజాతి జట్లతో ఆడాడు కూడా. కానీ ఎంత ఎత్తు అని కొలిచేటప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడాలి. ఒహ్తానీ ఆడే లీగ్‌లో డొమినికన్ కుర్రాళ్లు, వెనిజులా, కొరియా, జపాన్, క్యూబా, అందరూ ఉన్నారు. మనవాళ్లు కూడా ఇద్దరు, రింకూ సింగ్, దినేశ్ పటేల్ (క్రికెట్ రింకూ కాదు), 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు, పై లీగ్ దాకా చేరలేదు.

ఇంకొక్క ముక్క. 1934లో రూత్, లూ గెరిగ్ లాంటి అమెరికా మేటి ఆటగాళ్లు జపాన్ వెళ్లారు ఆడటానికి. షిజువోకాలో ఎయిజీ సవామురా అనే 17 ఏళ్ల కుర్రాడు గెరింజర్, రూత్, ఫాక్స్, గెరిగ్ నలుగుర్నీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు. మ్యాచ్ మాత్రం జపాన్ వాళ్లే 1-0తో ఓడిపోయారనుకోండి. ఆ కుర్రాడు 1944లో యుద్ధానికి వెళ్తూ ఓడ మునిగి పోయాడు. జపాన్‌లో ఏటా మేటి పిచ్చర్‌కి ఇచ్చే అవార్డు ఇప్పటికీ సవామురా పేరు మీదే. రూత్‌ని ముందు పెట్టుకుని భయపడని దేశం నుంచి ఒహ్తానీ రావడం నాకేమీ వింత కాదు.

బరంపురం బాబాయ్:

మాస్టారూ, దణ్ణం. 19 సంగతి మీరడిగాక ఆ అంకెని నేను మునుపటంత ధీమాగా చెప్పను. కానీ ఒకటి అడుగుతా, ఆ గేటు సిస్లర్‌కీ, టై కాబ్‌కీ అందరికీ మేలు చేసిందే కదా, ఆ మేలుతో వాళ్లెవరూ 1920లో అలా ఎగరలేదుగా. రూత్ ఒక్కడే ఎగిరాడు. గిబ్సన్, రోగన్ వచ్చి ఉంటే రూత్ పక్కన ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు, రూత్ కింద పడేవాడు కాదు. ఇది నా పట్టు, దీన్ని వదల్ను.

ఒహ్తానీ మీద నాకున్న అసలు అభ్యంతరం కూడా చెబుతా, కాలం. రూత్ 22 సీజన్లు ఆడాడు. 38 ఏళ్ల వయసులో, 1933 ఆఖరి రోజున, పొట్ట వేసుకుని వచ్చి బోస్టన్ మీద మొత్తం మ్యాచ్ ఒక్కడే బంతి వేసి, ఒక హోమ్‌రన్ కొట్టి గెలిపించాడు. ఒహ్తానీ 38కి ఇంకా చాలా టైముంది, అప్పుడు మాట్లాడదాం.

జయపురం నుంచి:

బాబాయ్ గారూ, ఆ లెక్కన 2032 దాకా తమ్ముడు జీడిపప్పు కొనకుండా ఆపాలి. ఒహ్తానీకి డాడ్జర్స్ ఇచ్చే 70 కోట్ల డాలర్లలో 68 కోట్లు కూడా 2034 నుంచే మొదలవుతాయి, బాకీలన్నీ ఆ టైముకే తేలేట్టున్నాయి.

తమ్ముడూ, బావతో ఇలా అను. ఎవరు గొప్ప బ్యాటర్ అంటే రూత్, అక్కడ తగాదా పెట్టుకోకు, ఓడిపోతావు. సగటు 0.342, ఒహ్తానీ ఆ దరిదాపుల్లో లేడు. ఒకే సీజన్‌లో ఒక మనిషి మైదానంలో ఎంత పని చేయగలడు అని అడుగు. అక్కడ 1919ని తెచ్చి 2022 పక్కన పెట్టమను.

మహేంద్రతనయ:

2022 కాదు అన్నయ్యా, 2023 పెట్టమనండి. ఆ మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్, జపాన్ 3, అమెరికా 2, చివరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, ఎదురుగా సొంత జట్టు స్నేహితుడు మైక్ ట్రౌట్. మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు అయ్యాక స్లైడర్ (పక్కకి జారిపోయే బంతి) వేసి స్ట్రైకౌట్. బావగారు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఆ రోజు ఏమైందో ఆయన్నే చెప్పమనండి, ముఖం చూడాలి.

కోరాపుట్ కాఫీ:

ఆలస్యంగా వచ్చాను. మీరంతా రెండు పేర్లకే కట్టుబడ్డారు గానీ విల్లీ మేస్‌ని ఎలా మర్చిపోయారు? 660 హోమ్‌రన్లు, 12 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు), 1954 వరల్డ్ సిరీస్‌లో వీపు బ్యాటర్ వైపు పెట్టి పరిగెడుతూ పట్టిన క్యాచ్, అదీ కొరియా యుద్ధం టైములో దాదాపు రెండు సీజన్లు సైన్యంలో పోయాక. పీఈటీ మాస్టారు చెప్పిన గేటు తెరుచుకున్నాక వచ్చి అందరితోనూ ఆడినవాడు. బంతి వేయలేదు, అంతే కదా. బాబాయ్ గారి ఫీల్డింగ్ లెక్క ప్రకారం చూస్తే మీ ఇద్దరి కంటే ముందు ఆయన ఉండాలి.

పాత పీఈటీ, రాయగడ:

మేస్ 1948లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌కి ఆడాడు, ఇంకా బళ్లో చదువుతున్న కుర్రాడు. ఆ హిట్లు కూడా ఇప్పుడు ఆయన లెక్కలో చేరాయి. నా ఓటు అడిగితే మేస్‌కే వేస్తాను గానీ పందెంలో ఆ పేరు లేదు.

గుణుపురం కుర్రోడు:

కోరాపుట్ అన్నా, మేస్‌కి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే బావ తప్పించుకుంటాడు. లింకు ఆయనకి పంపేశాను, అక్కడ తెల్లారాక చదువుతాడు. ఈలోపు 1918 జూలైలో రూత్ జట్టు వదిలి వెళ్లిన గొడవ వివరంగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి, ఆయన మొదట పట్టుకునేది అదే.